పాల లెక్కలో చుక్క ఎక్కడ పడాలి?

ఇప్పుడు చాలా సంఘాలలో పాలు పోయగానే యంత్రం చీటీ ఇస్తున్నది. ఎన్ని లీటర్లు, వెన్న ఎంత శాతం, లీటరుకు ఎంత ధర, మొత్తం ఎన్ని రూపాయలు అన్నీ అచ్చయి చేతికి వస్తున్నాయి. ఇంకా కాగితం మీద లెక్కలు చేయడం దేనికి అని కొందరు సభ్యులు అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే.

గంపలగూడెం వైపు వారికి దీనికి సగం జవాబు వానాకాలమే చెబుతుంది. కట్టలేరు పొంగి, కరెంటు పోయి, యంత్రం నోరు మూసుకున్న పూట కూడా గేదె పాలు ఇవ్వక మానదు. ఆ పూట కార్యదర్శి పాత కొలపాత్రలు తీసి, రిజిస్టరులో చేతితో వ్రాసుకోవలసిందే. మిగతా సగం జవాబు ఇంకా ముఖ్యమైనది. యంత్రం తనకు ఇచ్చిన అంకెలను మాత్రమే హెచ్చవేస్తుంది. అందులో కిలో వెన్న ధర ఎంత పెట్టాలో, ఎన్ని అంకెల దగ్గర ఆపాలో, శాతాన్ని ఎంతవరకు చూపాలో నిర్ణయించి పెట్టేది మనిషే. జేబులోని ఫోనులో ఉన్న కాలిక్యులేటరు సంగతీ అంతే. చుక్క ఒక చోట కాక మరొక చోట నొక్కితే, అది ఏమాత్రం సందేహించకుండా తప్పు జవాబే చూపిస్తుంది. ఆ తప్పును పట్టుకోవలసింది మన చూపే. చేత్తో నాలుగు లెక్కలు చేసినవారికే ఆ చూపు వస్తుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. సుమారు నలభై ఏళ్ళ క్రితం ఒక సంఘంలో వ్రాతపనికి కొత్తగా చేరాను. కొలిచేవాడు కేక వేస్తే నేను వ్రాయాలి. ఒకనాటి సాయంత్రం ఒక పెద్దమ్మ పాలు పోసింది. కొలిచినవాడు "మూడు డెబ్బై అయిదు" అన్నాడు. 75 మిల్లీలీటర్లు అనుకుని నేను 3.075 అని వ్రాశాను. ఆవిడకు చదువు రాదు. పాస్ పుస్తకం పక్కవారి చేత చదివించుకుని మరునాడు వచ్చి నిలబడింది.

"అబ్బాయ్, నేను పావు తక్కువ నాలుగు లీటర్లు పోశాను. నువ్వు మూడు లీటర్ల చిల్లర అని వ్రాశావట. నా చెంబు నాకు తెలియదా?"

"మూడు డెబ్బై అయిదే గదా వ్రాశాను పెద్దమ్మా" అన్నాను.

"డెబ్బై అయిదు కాదయ్యా, ముప్పావు" అన్నది.

ఆవిడ చెప్పిందే సరి. మూడు లీటర్ల ముప్పావు అంటే 3.750. నేను వ్రాసింది 3.075. ఒక సున్న అటు జరిగినందుకు 675 మిల్లీలీటర్ల పాలు పుస్తకంలో మాయమయ్యాయి. పాలు కేనులోనే ఉన్నాయి, డబ్బు మాత్రం ఆవిడకు రాదు. అప్పటికప్పుడు దిద్ది సంతకం పెట్టాను. ఆ రోజు తరువాత నోటితో విన్న కొలతను వ్రాసే ముందు, దానిని పావు, అర, ముప్పావులలోకి మార్చి మళ్ళీ పైకి చెప్పడం అలవాటు చేసుకున్నాను.

మన పెద్దలకు ఈ భిన్నాల లెక్క పుట్టుకతో వచ్చినది. గిద్దెలు నాలుగయితే సోల, సోలలు రెండయితే తవ్వ, తవ్వలు రెండయితే మానిక. రూపాయికి పదహారణాలు. కాలు, అర, ముక్కాలు, పదహారోవంతుకు వీసం. అంతా రెండుతో, నాలుగుతో నడిచే లెక్క. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చిన కాలం నుంచీ భిన్నాల లెక్క మన భాషలో ఉన్నదే. పదుల స్థానాలతో సంఖ్యను వ్రాయడం మన దేశం లోకానికి ఇచ్చిన విద్య. ఒకటి కంటె చిన్న భాగాలను కూడా అదే పదుల పద్ధతిలో వ్రాయవచ్చునని యూరపులో ప్రచారం చేసినవాడు సైమన్ స్టెవిన్. 1585లో ఆయన దీనిమీద ఒక చిన్న పుస్తకమే వేశాడు. మన ఊళ్ళలోకి మాత్రం చుక్క ఆలస్యంగా వచ్చింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. 1958 నుంచి కిలోలు, లీటర్లు అంచెలంచెలుగా అమలులోకి వచ్చాయి. విజయవాడలో పాల కర్మాగారం 1969లో వచ్చేసరికి పాలు లీటర్లలో, వెన్న శాతాలలో, డబ్బు పైసలలో ఉన్నాయి. అనగా మూడూ చుక్క లెక్కలే. పాడి రైతుకు వచ్చినన్ని దశాంశాలు వరి రైతుకు కూడా రాలేదంటే అతిశయోక్తి కాదు.

లీటర్ల గడిలో మూడు అంకెలు

చుక్కకు కుడివైపు మొదటి అంకె పదోవంతు, రెండవది నూరోవంతు, మూడవది వెయ్యోవంతు. లీటరుకు వెయ్యి మిల్లీలీటర్లు గనుక, లీటర్ల గడిలో చుక్క తరువాత తప్పక మూడు అంకెలు వేయాలి. నాలుగు లీటర్ల యాభై మిల్లీ అయితే 4.050. నాలుగున్నర అయితే 4.500. రెండంటిని 4.5 అనీ 4.50 అనీ వ్రాస్తే ఏది ఏదో తరువాత ఎవరూ చెప్పలేరు. మూడు అంకెలు వేసే అలవాటు ఉన్నచోట నేను చేసిన తప్పు జరగదు.

వెన్న శాతంలో మరో పొరపాటు ఉన్నది. 7.3 కంటె 7.25 ఎక్కువ అనుకునేవారిని ఇప్పటికీ చూస్తున్నాను. మూడు కంటె ఇరవై అయిదు పెద్దది గదా అని వారి వాదన. 7.3 పక్కన ఒక సున్న పెట్టి 7.30 చేసి చూస్తే సందేహం తీరిపోతుంది. చుక్క తరువాత చివర సున్నలు ఎన్ని చేర్చినా విలువ మారదు. చుక్కకు, అంకెకు మధ్య సున్న దూరితే మాత్రం విలువ మారుతుంది.

కూడికలో చెప్పవలసింది ఒక్కటే. చుక్క కింద చుక్క రావాలి. 3.4, 2.85, 3.05 కూడవలసి వస్తే వాటిని 3.400, 2.850, 3.050 అని ఒకదాని కింద ఒకటి వ్రాసి మామూలు అంకెలలాగే కూడండి. 9.300 వస్తుంది. పైనుంచి కిందికి ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి కూడితే చాలు.

ఒక పూట పాలకు డబ్బు ఎంత?

అసలు లెక్కకు వద్దాము. ఒక సభ్యుడు 4.2 లీటర్ల గేదె పాలు పోశాడు. వెన్న 7.3 శాతం. కిలో వెన్న ధర 800 రూపాయలు అనుకుందాము. ఇది లెక్క సులువు కోసం అనుకున్నది. మీ సంఘం బోర్డు మీద ఉన్న ధరను దాని స్థానంలో పెట్టుకోవాలి.

ముందు లీటర్లను కిలోలు చేయాలి. పాలు నీటి కంటె బరువు. లాక్టోమీటరు 28 చూపితే ఆ పాలు నీటికి 1.028 రెట్లు బరువు అన్నమాట. వ్యవహారంలో లీటరుకు 1.03 కిలోలుగా తీసుకుంటారు. 1.03తో హెచ్చవేయడమంటే నూటికి మూడు కలపడమే. 4.2ను మూడుతో హెచ్చవేస్తే 12.6. దానిని నూరుతో భాగించడానికి చుక్కను రెండు స్థానాలు ఎడమకు జరిపితే 0.126. దీనిని 4.200కు కలిపితే 4.326 కిలోలు. యంత్రం పాలను కాటా మీద కిలోలలోనే తూచే చోట ఈ మెట్టు అవసరం లేదు. కిలోలలో తూచిన పాలను మళ్ళీ 1.03తో హెచ్చవేయరాదు. లీటర్లలో కొలిచిన పాలను హెచ్చవేయకుండా వదలరాదు. చీటీ మీద ఉన్నది లీటర్లో కిలోలో ముందు చూసుకోండి.

తరువాత కిలో పాల ధర. 7.3 శాతం అంటే నూరు కిలోల పాలలో 7.3 కిలోల వెన్న. కిలో వెన్న 800 అయితే కిలో పాల ధర 7.3ను 8తో హెచ్చవేస్తే వస్తుంది. ఎనిమిదితో హెచ్చవేయడం రానివారు మూడుసార్లు రెట్టింపు చేయవచ్చు. 7.3కు రెట్టింపు 14.6. దానికి రెట్టింపు 29.2. దానికి రెట్టింపు 58.4. కనుక కిలో పాలు 58 రూపాయల 40 పైసలు. ఇదే లెక్కను కేంద్రం దగ్గర పాయింట్లలో చెప్పుకుంటారు. పదోవంతు శాతం ఒక పాయింటు. ఈ ధరలో పాయింటుకు 80 పైసలు. 73 పాయింట్లకు 5,840 పైసలు. పాయింట్లు, పైసలు అన్నప్పుడు చుక్క కనిపించకుండా పోతుంది. అంకెలు మామూలు అంకెలై కూర్చుంటాయి. చుక్కలంటే భయపడేవారికి ఇది మంచి ఉపాయం.

ఇక 4.326ను 58.4తో హెచ్చవేయాలి. చుక్కలను కాసేపు మరచిపోయి 4326 × 584 అనుకోండి.

4326 × 500 = 2163000
4326 × 80 = 346080
4326 × 4 = 17304
మొత్తం = 2526384

ఇప్పుడు చుక్క పెట్టాలి. 4.326లో చుక్క తరువాత మూడు అంకెలు, 58.4లో ఒకటి, మొత్తం నాలుగు. జవాబులో కుడినుంచి నాలుగు అంకెలు విడిచి చుక్క పెడితే 252.6384. అంటే 252 రూపాయల 64 పైసలు.

ముందు అందాజు, తరువాత లెక్క

అంకెలు లెక్కపెట్టి చుక్క పెట్టడంలోనే ఎక్కువమంది జారిపోతారు. దానికి మందు ఒకటే. లెక్క మొదలు పెట్టకముందే జవాబు ఎంత ఉండాలో నోటితో అనుకోవాలి. పాలు దాదాపు నాలుగుంబావు కిలోలు. ధర దాదాపు అరవై. నాలుగు అరవైలు 240, పావుకు 15, మొత్తం 255. జవాబు ఈ చుట్టుపక్కలే ఉండాలి. 25.26 వచ్చినా, 2526 వచ్చినా చుక్క తప్పిందని వెంటనే తెలుస్తుంది. సంతలో బేరమాడేవారు ఈ అందాజు రోజూ కట్టుకుంటూనే ఉంటారు. పాల చీటీ దగ్గర మాత్రం ఎందుకో వదిలేస్తున్నారు.

అంకెలు సరిగా హెచ్చవేశామా లేదా అన్నది చూడటానికి తొమ్మిదుల పరీక్ష ఉన్నది. సంఖ్యలోని అంకెలను ఒక అంకె మిగిలేవరకు కూడాలి. 4326లో 4, 3, 2, 6 కూడితే 15. మళ్ళీ కూడితే 6. 584లో 17, మళ్ళీ 8. ఆరు ఎనిమిదులు 48, కూడితే 12, మళ్ళీ 3. జవాబు 2526384లోని అంకెలు కూడితే 30, అంటే 3. రెండూ కలిశాయి. కలవకపోతే లెక్క తప్పక తప్పే. కలిసినంత మాత్రాన మాత్రం పూర్తిగా నమ్మరాదు. రెండు అంకెలు ఒకదాని చోట ఒకటి పడినా, చుక్క తప్పు చోట పడినా ఈ పరీక్షకు తెలియదు. అంకెలకు తొమ్మిదుల పరీక్ష, చుక్కకు అందాజు. రెండూ కావాలి.

తెగ్గొట్టిన గ్రాములు ఎక్కడికి పోతాయి?

చేతి లెక్కలో గానీ యంత్రపు లెక్కలో గానీ సభ్యులు అడిగి తెలుసుకోవలసిన అసలు సంగతి ఇది.

పై ఉదాహరణలోనే కొన్ని చోట్ల ముందుగా వెన్న కిలోలు కట్టి, తరువాత ధరతో హెచ్చవేస్తారు. 4.326 × 7.3 ÷ 100 చేస్తే 0.315798 కిలోల వెన్న. రిజిస్టరులో ఇన్ని అంకెలు పట్టవు గనుక ఎక్కడో ఒకచోట ఆపాలి. మూడు అంకెల దగ్గర సరిచేసి 0.316 అని వ్రాస్తే 252 రూపాయల 80 పైసలు వస్తుంది. అసలు డబ్బు కంటె 16 పైసలు ఎక్కువ. మిగిలిన అంకెలను చూడకుండా 0.315 దగ్గర తెగ్గొడితే 252 రూపాయలు. 64 పైసలు తక్కువ. రెండంకెల దగ్గర తెగ్గొట్టి 0.31 అని వ్రాస్తే 248 రూపాయలు. ఒక్క పూటకు 4 రూపాయల 64 పైసలు పోయాయి.

సరిచేయడానికి, తెగ్గొట్టడానికి తేడా ఏమిటి? సరిచేసేటప్పుడు వదిలే అంకెలలో మొదటిది అయిదు గానీ అంతకు మించి గానీ ఉంటే ముందరి అంకెకు ఒకటి కలుపుతాము. అయిదుకు లోపయితే వదిలేస్తాము. ఒక పూట కొంచెం ఎక్కువ, ఒక పూట కొంచెం తక్కువ వచ్చి, పక్షం తిరిగేసరికి దాదాపు సరిపోతుంది. తెగ్గొట్టడంలో అలా కాదు. ప్రతి పూటా ఒకవైపే పోతుంది. ఎన్నడూ సభ్యుని వైపు రాదు.

రెండంకెల దగ్గర తెగ్గొడితే పూటకు సున్న నుంచి పది గ్రాములకు కొంచెం తక్కువ వరకు వెన్న పోతుంది. సగటున అయిదు గ్రాములు. 800 ధరకు నాలుగు రూపాయలు. పదిహేను రోజుల బిల్లులో ముప్పై పూటలు గనుక 120 రూపాయలు. నూరు మంది పోసే సంఘంలో పక్షానికి 12,000 రూపాయలు. దీనిలో దొంగతనం ఉన్నదని అనడం లేదు. ఆ సొమ్ము చాలాసార్లు సంఘం లెక్కలో మిగులుగా కనిపించి, ఎక్కడనుంచి వచ్చిందో ఎవరికీ తెలియకుండా ఉండిపోతుంది. పోసిన పాలు కొద్దిపాటివయినా, ఎక్కువయినా పూటకు పోయే గ్రాములు దాదాపు అంతే. కాబట్టి రెండు లీటర్లు పోసే ఇంటికి ఈ దెబ్బ పది లీటర్లు పోసే ఇంటి కంటె నూటికి అయిదు రెట్లు ఎక్కువగా తగులుతుంది. ఒక గేదె ఉన్న ఇల్లే ఇక్కడ ఎక్కువ నష్టపోతున్నది.

మూడంకెల దగ్గర తెగ్గొట్టినా నష్టం ఉన్నది గానీ అందులో పదోవంతే, పక్షానికి 12 రూపాయలు. మూడంకెలకు సరిచేస్తే అదీ ఉండదు. అన్నిటికంటె మేలు, మొదట మనం చేసినట్లు కిలో పాల ధర కట్టి, దానితో పాలను హెచ్చవేసి, పైసల దగ్గర ఒక్కసారే సరిచేయడం. లెక్క మధ్యలో అంకెలు తీసేయకండి. చివరలో ఒక్కసారి తీసేయండి.

వెన్న శాతం దగ్గర కూడా ఇదే చిక్కు. గెర్బర్ పద్ధతిలో యాసిడ్ పోసి తిప్పే బ్యుటిరోమీటరు మీద గీతలు పదోవంతుకు ఒకటి ఉంటాయి. కంటితో చూసి 7.3 అంటాము, మహా అయితే గీతల నడుమ 7.35 అంటాము. యంత్రాలు చాలా వరకు రెండు అంకెలు చూపిస్తాయి. యంత్రం 7.38 చూపితే బిల్లులో 7.3 కట్టారనుకోండి. మన 4.326 కిలోల మీద అది 2 రూపాయల 77 పైసలు. 7.4 కట్టినట్లయితే సరిచేసినట్లు. మీ సంఘంలో ఏది జరుగుతున్నదో నాలుగు చీటీలు ముందు పెట్టుకుంటే తేలిపోతుంది. సర్వసభ్య సమావేశంలో అడగడానికి ఇంతకంటె పనికివచ్చే ప్రశ్న నాకు తోచడం లేదు.

ఇంకో మాట చెప్పకపోతే న్యాయం కాదు. 0.315798లోని చివరి మూడు అంకెలు పాలలో ఉన్న నిజం కాదు. హెచ్చవేతలో పుట్టినవి. పరీక్షే పాయింటు దగ్గర అటూ ఇటూ ఊగుతున్నప్పుడు ఆరవ అంకె కోసం తగవు పడనక్కర లేదు. అందరికీ ఒకే నియమం ఉండాలి, ఆ నియమం ఎప్పుడూ ఒక పక్కకే ఒరగకుండా ఉండాలి. అంతే.

రెండు శాతాల నడుమ గీత గీసి సగం చేయరాదు

ఉదయం ఆరు కిలోల పాలు, వెన్న 6 శాతం. సాయంత్రం రెండు కిలోలు, వెన్న 8 శాతం. రోజు మొత్తానికి సగటు ఎంత? ఆరూ ఎనిమిదీ కలిపి సగం చేసి ఏడు అనేస్తారు. ఇది తప్పు.

వెన్నను విడివిడిగా కట్టి చూడండి. ఉదయం 0.360 కిలోలు, సాయంత్రం 0.160. మొత్తం 0.520. పాలు ఎనిమిది కిలోలు. 52ను 8తో భాగిస్తే 6.5. ఏడు కాదు, ఆరున్నర. ఏడు లెక్కన కడితే 0.560 కిలోల వెన్న అవుతుంది. లేని 40 గ్రాములకు సంఘం 32 రూపాయలు చెల్లించినట్లు.

సభ్యునికి లాభమే గదా అనవచ్చు. రెండు పిండుళ్ళ మధ్య గడువు తక్కువ ఉన్న పూట పాలు తగ్గి, వెన్న శాతం పెరగడం పాడి రైతులకు తెలిసినదే. అంటే తక్కువ పాలు, ఎక్కువ శాతం కలిసి వస్తాయి. కాబట్టి ఉత్త సగటు తీసే సంఘం ఇంచుమించు రోజూ ఉన్న వెన్న కంటె ఎక్కువకు డబ్బు కడుతుంది. సమితి మాత్రం కేనులో, ట్యాంకరులో ఉన్న వెన్నకే చెల్లిస్తుంది. ఆ తేడా సంవత్సరాంతంలో బోనసు నుంచి కోతగా వస్తుంది. అప్పుడు టెస్టరు మీద, కార్యదర్శి మీద నిందలు పడతాయి. అసలు దొంగ ఆ సగటు లెక్క.

శాతాలను ఎన్నడూ కూడరాదు. కిలోలను కూడాలి. పాల కిలోలు ఒక వరుస, వెన్న కిలోలు ఒక వరుస కూడి, చివరలో ఒకదానిని మరొకదానితో భాగించాలి. సంఘం మొత్తానికి కూడా ఇదే పద్ధతి. ఒక పూట సభ్యుల వెన్న మొత్తం 28.400 కిలోలు అని రిజిస్టరు చెబుతుండగా, సమితి 412.5 కిలోల పాలకు 6.8 శాతం కట్టిందనుకోండి. 412.5 × 6.8 ÷ 100 అంటే 28.050. తేడా 350 గ్రాములు, 280 రూపాయలు. రోజూ ఈ ఒక్క తీసివేత చేసి బోర్డు మీద వ్రాసే సంఘంలో పక్షం చివర గొడవలు తక్కువ.

ఎస్.ఎన్.ఎఫ్. లెక్క

వెన్న కాక మిగిలిన ఘనపదార్థాలకు మన ప్రాంతంలో బాగా వాడుకలో ఉన్న సూత్రం ఇది. వేడిమికి సవరించిన లాక్టోమీటరు రీడింగును నాలుగుతో భాగించి, దానికి వెన్న శాతాన్ని 0.21తో హెచ్చవేసి కలిపి, ఆపైన 0.36 కలపాలి. కొన్ని సమితులు చివరి అంకెలు వేరుగా వాడతాయి. మీ కేంద్రంలో గోడ మీద ఉన్న సూత్రాన్నే తీసుకోండి.

రీడింగు 28, వెన్న 7.3 అయితే 28లో పావు 7. ఈ మెట్టు పెద్దమ్మ లెక్కే. 27 అయితే పావు తక్కువ ఏడు, 6.75. 29 అయితే ఏడుంబావు, 7.25. 30 అయితే ఏడున్నర. తరువాత 0.21 అంటే అయిదోవంతు, దానిపై నూరోవంతు. 7.3లో అయిదోవంతు 1.46, నూరోవంతు 0.073. కలిపితే 1.533. ఇక మొత్తం 7.000, 1.533, 0.360 కూడితే 8.893. ఒక అంకెకు సరిచేస్తే 8.9. తెగ్గొడితే 8.8. ఎస్.ఎన్.ఎఫ్. తగ్గినందుకు పాయింటుకు ఇంత అని కోత ఉన్న చోట ఆ ఒక్క పాయింటు సభ్యుని బిల్లు నుంచే పోతుంది.

బిల్లు చేతికి వచ్చాక

భాగహారం చాలామందికి బరువుగా తోస్తుంది. చుక్క ఉన్న సంఖ్యతో భాగించవలసి వస్తే రెండిటిలోను చుక్కను సమానంగా కుడికి జరిపి, భాగించే సంఖ్యలో చుక్క లేకుండా చేసుకోవాలి. పక్షానికి 61.5 లీటర్లు పోస్తే 3,678 రూపాయల 50 పైసలు వచ్చిందనుకోండి. 3678.5 ÷ 61.5 అన్నా, 36785 ÷ 615 అన్నా ఒకటే. అందాజుకు 3,600లో 60 అరవైసార్లు పోతుంది. జవాబు అరవై దగ్గర ఉండాలి. ఇక 615 × 59 = 36285. మిగిలింది 500. సున్న చేర్చి 5000, అందులో 615 ఎనిమిదిసార్లు, 4920. మిగిలింది 80. సున్న చేర్చి 800, ఒకసారి. 59.81. లీటరుకు 59 రూపాయల 81 పైసలు పడింది.

ఇక్కడ ఆగకుండా ఇంకొంచెం వెనక్కు నడవండి. 59.81ని 1.03తో భాగిస్తే కిలో పాలకు 58.07. దానిని 8తో భాగిస్తే 7.26. కోతలు, చేర్పులు ఏమీ లేకపోతే ఈ పక్షంలో మీ పాలకు కట్టిన సగటు వెన్న 7.26 శాతం అన్నమాట. ఇప్పుడు పాస్ పుస్తకం తెరచి చూడండి. ముప్పై పూటలలో ఎక్కడా 7.4కు తగ్గలేదని కనిపిస్తే, లెక్క ఎక్కడో జారింది. పుస్తకం, చీటీలు రెండూ తీసుకుని కార్యదర్శి దగ్గరకు వెళ్ళండి. కేకలు వేయనక్కర లేదు. ఏ పూటది తప్పో వేలు పెట్టి చూపితే ఏ కార్యదర్శి అయినా దిద్దక తప్పదు.

చదివినవారు ఈ లెక్క ఒకటి చేసి చూడగోరుతున్నాము. ఉదయం 3.6 లీటర్లు, వెన్న 6.8. సాయంత్రం 2.4 లీటర్లు, వెన్న 7.6. కిలో వెన్న ధర 800. లీటరుకు 1.03 కిలోలు. రోజుకు డబ్బు ఎంత, అసలు సగటు శాతం ఎంత?

జవాబు: ఉదయం వెన్న 0.252144 కిలోలు, సాయంత్రం 0.187872, మొత్తం 0.440016. డబ్బు 352 రూపాయల 1 పైస. సగటు వెన్న 7.12 శాతం. 7.2 అని వచ్చినవారు శాతాలను కూడి సగం చేశారు. వారి లెక్కలో 3 రూపాయల 96 పైసలు ఎక్కువ ఉంటుంది.